అన్నాచెల్లెళ్ల వెబ్‌సైట్లు

నరసరావుపేటలో వెబ్‌సైట్లు తయారుచేసే నా చిన్న ఆఫీసుకు ఒక మధ్యాహ్నం అన్నాచెల్లెళ్లిద్దరు వచ్చారు. ఆయనకు మాచర్లలో నాపరాళ్ల వ్యాపారం. ఆమె కారంపూడిలో కారం మిల్లు నడుపుతోంది. ఇద్దరికీ ఎప్పుడో చేయించుకున్న సైట్లున్నాయి. పట్టించుకునేవాళ్లు లేక రెండూ పాడయ్యాయి. ఆయనది తెరిస్తే రాళ్లకు బదులు లాటరీ ప్రకటనలు వస్తున్నాయి.

రెండింటినీ ఒకే సాఫ్ట్‌వేర్ కింద పెడతానన్నాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఏందమ్మాయ్, నా రాళ్ల పక్కన దాని కారం పొట్లాలు పెడతావా?"

"పెట్టను బాబాయ్. చూసేవాళ్లకు రెండూ వేరువేరు సైట్లే. మీ అడ్రసు మీది, అత్తది అత్తది. మీ పాస్‌వర్డుతో అత్త సైటు తెరుచుకోదు. లోపల నడిపే సాఫ్ట్‌వేర్ మాత్రం ఒకటే. దాన్ని నేను ఒకచోట చూసుకుంటే చాలు."

ఆయన మెత్తబడ్డాడు. చెల్లెలు అందుకుంది.

"మరి ఆ ఒక్కటి చెడితే ఇద్దరివీ పోతాయి గదా?"

అడగాల్సిన ప్రశ్నే. తప్పించుకోవాలనిపించలేదు.

"పోతాయత్తా. అందుకే రోజూ మొత్తానికి కాపీ తీసి వేరేచోట దాస్తాను. మాటలెందుకు, పని పూర్తయ్యాక మీ ముందే చెడగొట్టి చూపిస్తా."

పని పూర్తయ్యాక ఇద్దరినీ పిలిచాను. ఆయన పేజీలో రాళ్ల నునుపు, ఆమె పేజీలో కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఎరుపు. ఫోన్లలో చూసుకుని వాళ్లు మురిసిపోతుండగా మొత్తం తుడిచేశాను. రెండు ఫోన్లలోనూ తెల్లటి ఖాళీ.

"ఏమే, నువ్వు అడగబట్టే గదా ఇదంతా!" అని ఆయన చెల్లెలి మీద ఎగిరాడు.

ఇలా తుడిచి తిరిగి తేవడం నేను ముందే వేరే కాపీ మీద చేసి చూసుకున్నాను. దాచిన కాపీని మళ్లీ ఎక్కించాను. కాసేపటికి ఆమె ఫోనులో ఎరుపు తిరిగొచ్చింది, వెనకే ఆయన రాళ్లు. ఆమె ఒక్కో పేజీ తెరిచి చూసింది.

"పచ్చళ్ల కారం, కూరల కారం, అన్నీ వచ్చినయ్యి. చానా బాగుందమ్మాయ్."

కొన్నాళ్లకు ఒక పొద్దున ఆమే ఫోను చేసింది. కోడలు జాకెట్లు కుడుతోందట, ఆ పిల్లకూ ఒక సైటు కావాలట. పునాది ఉన్నదే కాబట్టి కొత్త అడ్రసు తగిలించి, రూపం మార్చి, భోజనాల వేళకు తెరిచేశాను.

సాయంత్రం అన్నగారి ఫోను. "దాని ఇంటికి రెండు, నాకొకటేనా?"

"ఇంకేం అమ్ముతారో చెప్పండి బాబాయ్," అన్నాను. "రేపటికల్లా ఉంటుంది."