నాలుగు తర్వాత ఎనిమిది

సిమెంటు గచ్చు మీద చింతపిక్కను గట్టిగా రుద్దితే మాడీ మాడని వాసన ఒకటి వస్తుంది. ఈ ఉదయం ఏలూరులో మా అమ్మాయి పద్మ వాళ్ల బాల్కనీలోంచి ఆ వాసన రాగానే, రాస్తున్న డైరీ మూసి లేచాను. మనవరాలు హాసిని పిక్కల్ని ఒకవైపు తెల్లగా అరగదీస్తోంది. కాలుతున్న పిక్కను నా మోచేతికి అంటించి కిలకిలా నవ్వింది.

హాసినికి ఆయాసం. అందుకని ఈ ఏడు బడి మాన్పించి పద్మే ఇంట్లో చదువు చెబుతోంది. ప్రతి ఆటనూ పాఠంగా మార్చాలని దాని తాపత్రయం. నిన్న అష్టాచెమ్మాలో పందెం పడ్డప్పుడల్లా "ఇప్పుడు కలుపు, ఇప్పుడు తీసెయ్" అంటుంటే, "ఇది ఆటా, హోంవర్కా?" అని హాసిని పిక్కల్ని బాల్కనీలోంచి విసిరేసింది. ఇవాళ కొత్త పిక్కలు ఇస్తే షరతు పెట్టింది.

"అమ్మని ఆటలోకి రానివ్వకూడదు అమ్మమ్మా."

వంటింట్లో ఆ మాట విన్న పద్మ ముఖం చిన్నబోయింది. నాకు మా అమ్మాజీ అత్త గుర్తొచ్చింది.

మాది కొల్లేటి లంక. వానలు మొదలైతే ఊరి చుట్టూ నీళ్లే. తాటాకు చూరు నుంచి రోజంతా ధార, ఆరని ధాన్యం గోనెల ముక్కవాసన, దాని మీదుగా కొర్రమీను పులుసు ఘుమఘుమ, దూరంగా కిక్కిసగడ్డిలో కనిపించని పిట్టల గోల. బడి మండవల్లి వైపు గట్టున ఉండేది. తాటిదోనెలో దాటాలి. అంత చిన్నపిల్లను అమ్మ దోనె ఎక్కనివ్వలేదు. అందుకని నా ఒకటో తరగతి అంతా మా అరుగు మీదే, నాన్న చెల్లెలు అమ్మాజీ అత్త దగ్గర గడిచింది.

అత్త చదివింది ఐదు. పలక పట్టమని నన్నెప్పుడూ అనలేదు. తొక్కుడుబిళ్ల గడుల్లో బొగ్గుతో అక్షరాలు రాసేది. బిళ్ల ఏ అక్షరంలో పడితే దానితో మొదలయ్యే వస్తువు తెచ్చి చూపితేగాని పై గడి లేదు. "కొ" పడ్డ రోజు కుండలోని కొర్రమీనును రెండు చేతులా పట్టుకొచ్చి, అది జారి పెరట్లోకి పోతే అమ్మ చేత ఇద్దరం తిట్లు తిన్నాం. నాగులచవితి చిమ్మిలి ఉండను పిల్లలకు విడగొట్టే పని నాదే. పంచినవాళ్లు చివర తీసుకోవాలని అత్త పెట్టిన నియమం వల్ల నువ్వుగింజ తేడా రాకుండా విరిచేదాన్ని. ముసురు పట్టిన మధ్యాహ్నాలు అష్టాచెమ్మా.

మరుసటి ఏడు బడి తెరిచాక నాన్న తేల్చి చెప్పారు. ఒకటో తరగతిని మధ్యాహ్నమే వదిలేస్తారు, దోనె తిరిగొచ్చేది సాయంత్రం.

"రెండులో చేర్చుకుంటే పంపుతాను. లేదంటే ఇంట్లోనే, అమ్మాజీ."

అత్త నాకు జడ వేసి, నాన్నతో, నాతో పాటు తనూ దోనె ఎక్కింది.

మాస్టారు అక్షరాలు అడిగారు, చెప్పాను. తర్వాత, "ఒకటి నుంచి లెక్కపెట్టమ్మా" అన్నారు.

"ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఎనిమిది."

గదంతా గొల్లుమంది. "నాలుగు తర్వాత ఎనిమిదేంటే?" అని ఎవడో వెక్కిరించాడు. నాన్న అప్పుడే చెప్పుల కోసం చూస్తున్నారు.

"తప్పు నాదండీ మాస్టారూ," అంది అత్త, తలుపు చాటునుంచి. "అష్టాచెమ్మాలో నేర్పానండీ. నాలుగు పిక్కలూ తెలుపైతే నాలుగు, నాలుగూ నలుపైతే ఎనిమిది. దాని లెక్క అక్కడే ఆగిపోయింది."

మాస్టారు నా వైపు వంగారు. "సరే. ఎనిమిది పడింది. తర్వాత?"

"ఇంకో పందెం అండీ!"

ఈసారి ఆయనే నవ్వారు. "నీ కాయ పండడానికి ఐదు గడులున్నాయి. రెండు పడింది. ఇంకెంత పడాలి?"

"మూడండి."

"పది గడులుండి ఎనిమిది పడితే?"

"రెండండి. కానీ ముందు ఇంకో పందెం ఉంటుందండి."

మాస్టారు నాన్న వైపు తిరిగారు. "ఏవండీ, పిల్లకి లెక్క వచ్చు, వరస రాదు. వరస నేను నేర్పుకుంటాను. రెండులో కూర్చోనివ్వండి."

తిరుగు దోనెలో అత్త నన్ను బళ్లో వదిలి నాన్నతో వెళ్లింది. కిక్కిసగడ్డి దాటేదాకా కొంగు ఊపుతూనే ఉంది.

ఇప్పుడు ఆ లంకకు తారురోడ్డు ఉంది. కిక్కిస ఉన్నచోట చేపల చెరువుల గట్లు. తాటిదోనె తొలిచేవాళ్లు లేరు, అరుగు లేదు, అత్త లేదు.

బాల్కనీలో హాసిని పిక్కలు వేసింది. నాలుగూ నలుపు. "అష్టా!" అని అరిచింది. గుమ్మంలో నిలబడ్డ పద్మ ఏదో అడగబోయింది. నేను దాని చెయ్యి నొక్కాను. ఊరుకుంది. హాసిని మళ్లీ వేసింది, మళ్లీ వేసింది, పిక్కల్ని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది.

"అమ్మా, ఐదూ ఆరూ ఏడూ ఎందుకు పడట్లేదు?"

అన్నేళ్లు ఆడినా నాకు తోచని ప్రశ్న అది. పద్మకు జవాబు నోటి దాకా వచ్చిందని నాకు తెలుస్తూనే ఉంది. మింగేసి, "ఏమోనే. వేసి చూద్దామా?" అంది.

హాసిని కాస్త ఆలోచించి, పక్కకు జరిగి గచ్చు మీద తల్లికి చోటిచ్చింది.