ఆమె చెప్పిన పిట్ట

బొగ్గుబాయిలో డ్రిల్లింగ్ పని చేసీ చేసీ నా చెవులు పోయాయి. మనిషి గొంతు చించుకుంటే వినిపిస్తుంది, పిట్ట కూత వినిపించదు. అలాంటివాణ్ని, రిటైరయ్యాక కరీంనగర్ వెళ్లి కెమెరా కొనుక్కొచ్చి పిట్టల ఫోటోలు తీస్తానంటే కాలనీలో నవ్వని వాళ్లు లేరు. నవ్వుకోనీ. మనుషులతో అయితే ప్రతి మాటకూ "ఆఁ?" అనాలి. పిట్టలతో ఆ బాధ లేదు.

నాకు చెవులు నా భార్యే. పొద్దున్నే టీవీ ముందు మొహం వేలాడేసుకుని కూర్చుంటే వచ్చి భుజం తట్టేది. "అగో, జామచెట్టు మీద మళ్ల కూస్తుంది. జల్ది రా!" అని చెవి దగ్గర అరిచేది. కెమెరా పట్టుకుని పెరట్లోకి ఉరికేవాణ్ని. పిట్ట ఉండేది కాదు. "గిప్పుడే పోయింది. కూసో, మళ్లొస్తది" అని చాయ్ తెచ్చేది. ఇద్దరం గోడ పక్కన కూర్చునేవాళ్లం. దాని తోక పొడుగని ఒకరోజు, అసలు తోకే కనపడదని ఇంకోరోజు చెప్పేది. "నీ పిట్టకు రోజుకో తోకనా?" అని కసురుకునేవాణ్ని. ఆలోగా వేరేవి ఏవో వాలితే వాటినే ఫోటో తీసుకునేవాణ్ని.

పోయిన ఎండాకాలం ఆమె గుండె ఆగి చనిపోయింది. ఇల్లు నిశ్శబ్దమైపోయిందని నేను అనలేను, నాకు అది ముందు నుంచీ నిశ్శబ్దమే. భుజం తట్టే చెయ్యి లేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే పంతం. ఆమె రోజూ విన్న ఆ పిట్టను ఎలాగైనా ఫోటో తీయాలి. వానాకాలం, చలికాలం పెరట్లోనే గడిపాను. కూత వినపడదు కాబట్టి ముక్కు తెరిచిన ప్రతిదాన్నీ తీశాను. తేనెపిట్ట, పికిలిపిట్ట, గోరింక, ఆఖరికి కాకిని కూడా వదల్లేదు. వీటిలో ఆమెది ఏదో నాకెలా తెలుస్తుంది?

మేం అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడకు తెలిసి ఉంటుందనిపించింది. ఆమే, నా భార్యా గోడకు అటొకరు ఇటొకరు నిలబడి గంటలు గంటలు ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు. కెమెరా గోడ మీద పెట్టి, ఒక్కో ఫోటో చూపిస్తూ "ఇదేనా ఆపా?" అని అడిగాను. అన్నీ ఓపిగ్గా చూసి ఏదో అంది. వినపడలేదన్నాను. మళ్లీ అంది. చివరికి కాలనీ మొత్తానికి వినపడేలా అరిచింది.

"ఏ పిట్టా లేదు భయ్యా! మీరు పరేషాన్‌గ ఇంట్లనే కూసుంటుండ్రని, బయటికి గుంజుకొచ్చెతందుకు గట్ల చెప్పేది! నాతోని చెప్పి నవ్వేది!"

ఎదురింట్లో బట్టలు ఆరేస్తున్నావిడ ఆగి చూసింది. నేను తలూపి లోపలికి వచ్చేశాను. ముందు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. తర్వాత మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఎంత గట్టిగా ఏడ్చానో అదీ నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే నాకు నేనే చాయ్ పెట్టుకుని పెరట్లోకి వెళ్లాను. చెట్టు నిండా పిట్టలు. రమ్మని అబద్ధమాడే మనిషే లేదు.