దొరగారి ఎత్తు, గుమాస్తాల వీపు

1943 వేసవిలో బెంగళూరు పేట వైపున్న ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మర్దన, విద్యుత్ చికిత్సల విభాగానికి నన్ను అసిస్టెంటుగా వేశారు. ఫిజియోథెరపీ అనే మాట అప్పట్లో ఎవరి నోటా వినబడేది కాదు. కాగితాల మీద మా పేరు ఎంత గంభీరంగా ఉన్నా, అందరికీ మాది మాలీషు గదే. రెండు బల్లలు, ఒక వేడి దీపం, కండరాలను సన్నగా అదిరించే ఒక కరెంటు పెట్టె, ఇదీ మా ఆస్తి. యుద్ధకాలం కాబట్టి దీపంలో బల్బు పోతే మళ్లీ రావడం దైవాధీనం. ఆ దీపాన్ని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాణ్ణి కాదు.

వెంకటరమణప్పగారు ఒక రెవెన్యూ కచేరీలో హెడ్ గుమాస్తా. తాతల కాలం నుంచి బెంగళూరులో ఉన్న తెలుగువారు, ఆరడుగుల మనిషి. మా గదికి వచ్చిన రోజున చొక్కా విప్పారు గానీ జరీ తలపాగా తియ్యలేదు.

"భుజం రెక్కల నడుమ ఎవరో మేకు దిగ్గొట్టినట్లు ఉండాదప్పా. కలం పట్టితే వేళ్ల దాకా లాగతా ఉండాది" అన్నారు.

ఆ కచేరీలో శిరస్తదారు పదవి, అంటే అధికారి తర్వాతి కుర్చీ, ఆ నెలలో ఖాళీ అవుతోందట. సిఫారసు చేయవలసింది ఆ అధికారే; తెల్లవాడు కాకపోయినా కచేరీలో అందరూ ఆయన్ను దొరగారనేవారు. కలం పట్టలేని మనిషిని శిరస్తదారును ఎవరు చేస్తారు? ఆయన భయం అది.

చికిత్సకు ఒక క్రమం ఉంది. ముందు దీపం కింద బోర్లా పడుకోబెట్టి కాపడం, తర్వాత పౌడరు చల్లి మర్దన. నొప్పి ఉన్నచోట నేరుగా నొక్కకూడదు. చుట్టుపక్కల మొదలుపెట్టి, కండ వేళ్ల కింద వదులయ్యాకే అక్కడికి చేరాలి. చివర వ్యాయామం: మడమలు, వీపు, తల గోడకు ఆనించి నిలబడి, భుజం రెక్కలు రెంటినీ వెనక్కి దగ్గరగా లాగి వదలాలి. తలపాగా వల్ల ఆయన తల గోడకు ఆనేది కాదు. తలపాగా ఆనితే తల ఆనినట్లే అని ఆయన వాదన.

మా గదిలోంచి నిటారుగా వెళ్లిన మనిషి మర్నాటికి కొక్కెంలా వంగి వచ్చేవారు. నా పనితనం మీదే మా డాక్టరుగారికి అనుమానం వచ్చింది. నాకు ఒళ్లు మండి, సంగతేమిటో చూద్దామని కచేరీకే వెళ్లాను.

చూద్దును కదా, దొరగారు మహా పొట్టి. ఆయన నిలబడి ఉన్నంతసేపూ ఎవరి తలపాగా ఆయన తలపాగాను మించకూడదని అక్కడి మర్యాద. ఏ రూల్సులోనూ లేదు, కానీ అందరికీ తెలుసు. పైగా దొరగారికి కూర్చునే అలవాటు లేదు, పచార్లు చేస్తూ పని చూసేవారు. ఆయన ఎటు తిరిగితే అటు గుమాస్తాలు వరసగా వంగేవారు. అందరికంటే పొడుగు వెంకటరమణప్పగారు కాబట్టి అందరికంటే ఎక్కువ వంగవలసింది ఆయనే. నాకు నవ్వాగక బయటి మెట్ల మీదికి వచ్చేశాను.

మా డాక్టరుగారికి చెబితే ఆయన నవ్వలేదు. కచేరీలోనూ నిటారుగానే నిలబడాలని రోగికి ఆజ్ఞ వేశారు. పాపం వెంకటరమణప్పగారు ఒక్క పూట పాటించారు. దొరగారు మెడ ఎత్తి చూసి, "ఏమయ్యా, ఈమధ్య బాగా పెరిగావే?" అన్నారట. శిరస్తదారు సంగతి మళ్లీ ఆలోచించాలని కూడా అన్నారట.

"మీ గోడ కసరత్తు నా కొంప ముంచిందప్పా" అన్నారు వెంకటరమణప్పగారు, కళ్లనీళ్ల పర్యంతమై. "నొప్పి ఉంటే కలం పోతాది, నొప్పి పోతే పదవి పోతాది. ఏది పొమ్మంటావు?"

ఆ పూట నిజంగా జాలేసింది.

వారం తిరక్కుండా దొరగారే మా గదికి వచ్చారు. నొప్పి అదే చోట. కారణం మాత్రం తలకిందులు. పొడుగ్గా కనబడాలని రోజంతా మునివేళ్ల మీద, భుజాలు చెవుల దాకా ఎగదీసి, గడ్డం పైకెత్తి నిలబడేవారు. మెడ నుంచి భుజాలకు దిగే కండలు రాళ్లయిపోయాయి. ఆయనా తలపాగా తియ్యలేదు. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, ముఖం చివరి అంచు దాటి కిందికి ఉండేలా సర్ది, దీపం పెట్టాను.

సరిగ్గా అప్పుడే వెంకటరమణప్పగారు సంతకం కోసం అర్జెంటు కాగితం పట్టుకుని వచ్చారు. దొర పడుకుని ఉంటే ఏం చేయాలో ఆ మర్యాదలో ఎవరూ చెప్పలేదు. ఆయన వంగారు, చాల్లేదు. మోకాళ్ల మీద కూర్చున్నారు, తలపాగా ఇంకా పైనే ఉంది. నేల మీద చతికిలబడినా మించింది. చివరికి బల్ల అంచు కింద వెల్లకిలా పడుకుని, కాగితం అట్టతో సహా పైకెత్తి పట్టుకున్నారు. ముఖానికి ముఖం ఎదురైంది.

"అక్కడేం చేస్తున్నావయ్యా?"

"తమకంటే పైకి రాకూడదని, స్వామీ."

దొరగారు నీకూ వీపు నొప్పి అన్నారే, ఇప్పుడెలా ఉందని అడిగారు.

"ఇట్ల పండుకుంటే ఏమీ లేదు స్వామీ. శానా సుఖంగా ఉండాది."

"నాకూ అంతే" అన్నారు దొరగారు. అలాగే చెయ్యి కిందికి చాచి సంతకం చేసి, లేచి నిలబడమన్నారు. వెంకటరమణప్పగారు లేచి, అలవాటు కొద్దీ సగంలో ఆగారు.

"పూర్తిగా నిలబడవయ్యా. ఇక్కణ్నుంచి నాకు నీ పాదాలే కనబడతాయి."

నిలబడ్డారు. శిరస్తదారు సిఫారసు మర్నాడు పంపుతానని దొరగారు నేలను చూస్తూ చెప్పారు, పంపారు కూడా. మునివేళ్ల మీద నిలబడడం మాని, కుర్చీకి వీపు ఆనించి కూర్చుని పని చూడాలని మా డాక్టరుగారు ఆయనకు రాసిచ్చారు. ఆయన కూర్చునేసరికి కచేరీ అంతా నిటారైంది.

బిగిసిన కండ ఎక్కడుందో వేళ్లకు దొరుకుతుంది. అది ఎవరి ఎదుట బిగిసిందో రోగిని అడిగితే తప్ప తెలియదు. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, భుజం రెక్కల మధ్య నొప్పి అంటూ వచ్చిన ప్రతి ఉద్యోగినీ దీపం వెలిగించక ముందే అడిగేవాణ్ణి, మీ పై అధికారి ఎంత పొడుగు అని.