కిటికీ అంచున రొట్టెముక్కలు

మహబూబాబాద్ నుంచి కొత్తగూడ వెళ్లే బస్సులో నా పక్కన ఒక కోయ అవ్వ కూర్చుంది. నేను కరీబియన్ దీవుల చరిత్ర చదువుతున్నాను. పుస్తకంలో పెనం మీద రొట్టె కాలుస్తున్న ఒకామె బొమ్మ ఉంది. అవ్వ దాని మీద వేలు పెట్టింది.

"ఎవలు బిడ్డా గీమె?"

"సముద్రం నడుమ దీవులల్ల మొదటిసంది ఉన్నోళ్లు అవ్వా. తెల్లోళ్లు ఓడలల్ల వచ్చి వాళ్ల భూములు గుంజుకున్నరు. ఆ జాతే లేకుంట పోయిందని రాసిన్రు."

"మరి గా రొట్టె?"

"కర్రపెండలం రొట్టె. ఇప్పటికీ అక్కడ కాలుస్తరట."

"రొట్టె కాలుస్తుంటె లేరంటరేంది?"

అవ్వ సద్దిమూట విప్పింది. జొన్నరొట్టె నుంచి చిన్న ముక్క తుంచి, మూసిన కిటికీ అంచున పెట్టింది.

"మా పెద్దలకు. వాళ్లకు పెట్టకుంట తినం."

బొమ్మ వైపు చూసి, ఇంకో ముక్క తుంచి మొదటి ముక్క పక్కనే పెట్టింది.

"గిది ఆమె పెద్దలకు."

తర్వాత సగం రొట్టె నా చేతిలో పెట్టింది. నోటి దాకా తీసుకెళ్తుంటే మెల్లగా నా మణికట్టు పట్టుకుంది.

"మరి మీ పెద్దలకు?"

మా నాయిన పోయాక, ఆయన కోసం నేను తీసిపెట్టిన మొదటి ముక్క అదే.