మూతపడిన జర్నల్

నందిగామలో బస్సెక్కిన ఒక కెమిస్ట్రీ లెక్చరర్ నా పక్కన కూర్చున్నారు. చిల్లకల్లు దాకా ఆవిడ ఫోన్లో ఒకే పేజీని మళ్లీ మళ్లీ తెరవబోయి విసుక్కుంటూనే ఉన్నారు. ఏమైందని అడిగాను.

"ఇక్కడి బోరు నీళ్ల మీద నేను చేసిన పరిశోధనండి. అందరూ ఉచితంగా చదువుకోవచ్చని ఒక ఆన్‌లైన్ జర్నల్‌కిచ్చా. దాన్ని మూసేశారు. వెబ్‌సైటుతో పాటు నా పేపరూ పోయింది."

"మీ దగ్గర కాపీ లేదాండీ?"

"ఇంట్లో బీరువాలో ఉంది. నేనెవరో తెలియనివాళ్లు ఈ నీళ్ల గురించి వెతికితే, మా బీరువా కనపడుద్దా?"

ఫోన్ బ్యాగులో పడేసి, జగ్గయ్యపేటలో దిగిపోయారు.

నేనూ పరిశోధన చేస్తున్నాను. ఆ తర్వాత నా మొదటి పరిశోధన వ్యాసం పంపే ముందు ఒక జర్నల్ వాళ్లకు రాశాను: "మీరు మూసేస్తే నా వ్యాసం ఎక్కడుంటుంది?"

జవాబు రాలేదు. వ్యాసం ఇంకా నా దగ్గరే ఉంది.