మాస్ అంటే మాసం అనుకున్నాం

రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయిన రోజు ఒంట్లో ఏదో తేడా ఉందనిపించింది. తొంభైల చివరి మాట. కుప్పంలో అత్తగారింట్లో ఉన్నాను. పెళ్లయి ఎనిమిదేళ్లు, పిల్లల్లేరు. పొత్తికడుపు ఎడమవైపు బరువు, మాటిమాటికీ ఒంటికి వెళ్లాల్సి రావడం. రెండు నెలలుగా బహిష్టు కూడా కాలేదు.

స్కానింగ్ తీశారు. నేను కర్టెన్ వెనక చీర సర్దుకుంటుంటే డాక్టరు బయట మా అత్తకు చెప్పింది, అడ్నెక్సల్ మాస్ ఉంది, పెద్దాసుపత్రిలో చూపించమని. అత్తది తమిళం మాట్లాడే ఇల్లు. వాళ్లలో మాసంగా ఉందంటే కడుపుతో ఉందని అర్థం. మిగతా మాటలు ఆమె చెవికెక్కలేదు.

"మాసంగా ఉండావమ్మా," అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

రిపోర్టు కవరు నా చేతికే ఇచ్చారు. పిన్ను కొట్టి ఉంది. తెరవలేదు.

మూడు నెలలు నన్ను మంచం దిగనివ్వలేదు. దిష్టి తగులుతుందని నర్సమ్మ దగ్గరకు కూడా పంపలేదు. కడుపు పెరిగింది. లోపల కలుక్కుమంటే బిడ్డ కదిలిందని మురిసిపోయేదాన్ని. అంత పిచ్చిదాన్ని.

ఐదో నెలని పుంగనూరులో పుట్టింటికి వచ్చాను. మూడో రోజు పొద్దున తడిబట్ట పిండినట్టు నొప్పి, వాంతులు. అన్న జీపు మాట్లాడి మదనపల్లెకు తీసుకెళ్లాడు.

అక్కడి డాక్టరమ్మ పాత రిపోర్టులు అడిగి, ఆ కవరు పిన్ను తనే పీకింది. చదివి, మళ్లీ స్కాన్ చేసి నా వైపు తిరిగింది.

"గర్భసంచి ఖాళీగా ఉందమ్మా. అండాశయంలో కణితి, ఇందులో మాస్ అని రాసింది అదే, పెరిగి మెలిపడింది. ఇప్పుడే ఆపరేషన్ చేయాలి."

రెండు చేతులతో కడుపు పట్టుకున్నాను. "లేదు మేడమ్, కదులుతాండాది," అన్నాను.

ఎడమ అండాశయం, ట్యూబు తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ కాదని వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం పుట్టని బిడ్డ కోసం ఏడ్చాను. ఎందుకొచ్చిందని అడిగితే, ఫలానా కారణమని చెప్పలేమని, నా తప్పేం లేదని డాక్టరమ్మ అంది. ముందే వచ్చుంటే అండాశయం మిగల్చడానికి చూసేవాళ్లమని కూడా అంది. ఆ రెండో మాట ఇప్పటికీ నన్ను తినేస్తుంది.

మూడేళ్లకు కుడివైపూ వచ్చింది. ఈసారి బోర్డర్‌లైన్, అంటే క్యాన్సర్ అంచున ఉందన్నారు. గర్భసంచితో సహా తీసేశారు. ఇక ఆశ పెట్టుకోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. ఆరునెలలకోసారి చెకప్‌కు వెళుతున్నాను. చుట్టాలు ఇప్పటికీ మా అత్తనే ఆడిపోసుకుంటారు. ఆమె తలవంచుకుని మాటలు పడుతుంది. ఆమెకు మాట తప్పు వినిపించింది. పదో తరగతి చదివిన నాకు, కర్టెన్ వెనక, మాసం అని కాదు, మాస్ అనే వినిపించింది. ఎనిమిదేళ్లకు ఆ ఇంట్లో నన్ను చూసి ఒకరు సంతోషపడ్డారు. అది పోగొట్టుకోలేక నోరు మూసుకున్నాను. ఈ సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

కవరు ఇచ్చినచోటే తెరవండి. అందులో ఏముందో మీ ఇంటి భాషలో చెప్పేదాకా డాక్టరు ముందు నుంచి లేవకండి.