వదిన నమ్మని తొంభై తొమ్మిది శాతం

మా వదిన ఏ కాగితాన్నీ నమ్మదు. దాని మీద సంతకం పెట్టిన మనిషి గొంతు ఫోనులో వింటే తప్ప ఆమెకు నిద్ర పట్టదు. నేను డిగ్రీ పట్టా తెచ్చిన రోజు ఇంట్లో అందరూ మిఠాయి తిన్నారు. వదిన మాత్రం యూనివర్సిటీకి ఫోన్ చేసి, "మా మరిది నిజంగానే పాసయ్యాడాండీ? ఇంట్లో ఆ లక్షణాలేం కనపడలేదు" అని అడిగింది.

పదేళ్ల గ్యారంటీతో పరుపు కొన్నాక, ఏటా ఆ కంపెనీకి ఫోన్ చేసి "ఉన్నారా?" అనేది. ఉన్నామంటే, "సరే, ఉండండి" అని పెట్టేసేది.

అలాంటి ఇంటికి మా అన్నయ్య ఇంటర్నెట్‌లో పెప్టైడ్లనే సూదిమందు సీసాలు తెప్పించాడు. జిమ్ములో బరువెత్తుతుంటే భుజం పట్టేసింది. ఈ పెప్టైడ్ సూది వేసుకుంటే గాయం చిటికెలో మానుతుందని ఎక్కడో చదివాడట. తను కొన్నది చాలక, జిమ్ము మిత్రులిద్దరి చేతా కొనిపించాడు.

"ల్యాబ్ సర్టిఫికెట్ కూడా ఇచ్చారే! తొంభై తొమ్మిది శాతం స్వచ్ఛం!"

"సంతకం ఎవరిది?"

"మొదలెట్టావూ!"

"సీసా మీద బ్యాచ్ నంబరొకటి, కాగితం మీద ఇంకొకటి ఉందేం?"

"అచ్చుతప్పయ్యుంటుంది."

"పైగా 'పరిశోధనకు మాత్రమే, మనుషులకు కాదు' అని రాశాడు. మీరేమో మనుషులాయె!"

సర్టిఫికెట్ మీదున్న ఫోన్ నంబరు జోలికి వదిన పోలేదు. "అది అమ్మినవాళ్ల బావమరిదిదైతే?" అంటూ ల్యాబ్ నంబరు వేరేగా వెతికి, స్పీకర్ పెట్టి, కాగితం మీదున్నదంతా చదివి వినిపించింది.

"కాగితం మాదేనండీ," అంది అవతలి ఆవిడ. "కానీ నిరుడు వేరే కంపెనీ సరుక్కి ఇచ్చింది. పేరు చెరిపి వీళ్ల పేరు అతికించుకున్నారు. మీ సీసాలో ఏముందో మాకు తెలీదు."

అన్నయ్య ముఖం వాడిపోయింది. "జిమ్ములో వాళ్లిద్దరికీ మొహం ఎలా చూపించనే? నా మాట మీదే కొన్నారు."

వదిన అప్పటికే చెప్పులేసుకుంది. "పదండి, వాళ్లు పొడుచుకోకముందే!"

నేనూ వెంట నడిచాను. జిమ్ములో వదిన ఆ ఇద్దరినీ పక్కకి పిలిచింది.

"ఆ సీసాలు ముట్టుకోకండి బాబూ, సర్టిఫికెట్ దొంగది. మీ అన్నకి చూడగానే అనుమానమొచ్చింది. ల్యాబుకి ఫోన్ చెయ్యమని నా ప్రాణం తీశారు. నేనే 'ఎందుకండీ ఈ చాదస్తం' అన్నాను."

నేను నోరు తెరవబోయాను. వదిన నా కాలు తొక్కింది.

"అన్న బుర్రే బుర్ర!" అన్నాడు ఒకడు. రెండోవాడు వదిన వైపు జాలిగా చూశాడు. "మీరు మరీ అమాయకులు వదినా. కాగితం కనిపిస్తే నమ్మేయడమేనా?"

వదిన బుద్ధిగా తలూపింది.

మర్నాడు డాక్టరు దగ్గర అన్నయ్య ఛాతీ విరుచుకుని, "మొదటి చూపులోనే పట్టేశానండీ!" అని మొదలుపెట్టాడు.

"అవునండీ," అంది వదిన, నొప్పి భుజం కదలకుండా ఆయన చొక్కా మెల్లగా విప్పుతూ.